గల్లాపెట్టె దగ్గర బంధువు

బంధుప్రీతి మీద తెలుగునాట చర్చ ఎప్పుడు లేచినా సినిమా వారసుల దగ్గరో, రాజకీయ కుటుంబాల దగ్గరో ఆగిపోతుంది. హీరో కొడుకు హీరో అయితే, మంత్రి కొడుకు ఎమ్మెల్యే అయితే గంటల కొద్దీ మాట్లాడుకుంటాం. ఆ చర్చ అనవసరమని అనను. కాని నచ్చని సినిమాకి ప్రేక్షకుడు టికెట్ కొనడం మానేయగలడు. నచ్చని నాయకుణ్ణి ఓటరు అయిదేళ్ళకైనా దించగలడు. ఆరుగురు పనిచేసే బట్టల దుకాణంలో యజమాని బావమరిది పెత్తనం కింద ఏళ్ళ తరబడి నిలబడి ఉన్న గుమాస్తాకి ఆ పాటి అవకాశం కూడా లేదు. అతని గురించి రాసేవాళ్ళు తక్కువ.

అలాంటి చోట్ల బతుకు వెళ్ళదీస్తున్నవాళ్ళు మాత్రం తక్కువ కాదు. కేంద్ర గణాంక శాఖ 2023-24లో వ్యవసాయేతర అసంఘటిత రంగం మీద చేసిన సర్వేలో 7.34 కోట్ల సంస్థలు, వాటిలో 12 కోట్లకు పైగా పనివాళ్ళు లెక్కకు వచ్చారు. సగటున ఒక్కో సంస్థకు ఇద్దరు కూడా లేరు. అంటే చాలా చోట్ల ఇంటివాళ్ళే పనివాళ్ళు. జీతానికి వచ్చిన బయటి మనిషి ఉన్నచోట అతను ఒక కుటుంబం మధ్యకి వచ్చి చేరినట్టే. ఆ కుటుంబంలో ఎవరికి ఎవరి మీద కోపం, ఎవరి మాటకు విలువ, పెద్దాయన తర్వాత తాళాలు ఎవరి చేతికి వస్తాయి అన్నవన్నీ అతని పని పరిస్థితులను నిర్ణయిస్తాయి. వాటిలో ఒక్కదాని మీదా అతనికి అధికారం లేదు.

బంధువుని పనిలో పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. సొంత డబ్బుతో పెట్టిన దుకాణంలో తమ్ముణ్ణి కూర్చోబెట్టుకోవడం ఎవరి ఇష్టం వాళ్ళది. ఆ తమ్ముడి వల్ల నష్టపోయిన మనిషి తన మాట చెప్పుకోవడానికి ఆ ఇంటి బయట ఎవరూ లేకపోవడం దగ్గర అన్యాయం మొదలవుతుంది. ఈ ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలు, ఉన్న చట్టాలు, మన ఊళ్ళలో సాగుతున్న ఆచారం అన్నీ కలిపి చూస్తే నాకు తేలిన విషయం ఇదే.

ముందు ఆచారం సంగతి. బంధుప్రీతి అనగానే జీతం తేడా గుర్తొస్తుంది. చిన్న దుకాణాల్లో అసలు దెబ్బ జీతం దగ్గర తగలదు, తప్పు ఎవరి నెత్తిన పడుతుందన్న దగ్గర తగులుతుంది. బట్టల దుకాణాల్లో పండగ సీజను అయ్యాక సరుకు లెక్క చూస్తారు. పుస్తకంలో ఉన్న చీరలకీ బీరువాలో ఉన్న చీరలకీ తేడా వస్తే దాన్ని ‘కొరత’ అంటారు. సీజనులో ‘చిన్నసారు’ అని పిలిచే యజమాని బంధువు నాలుగు పట్టుచీరలు తీసి, ‘ఇంట్లో చూపించి తెస్తా’ అని బిల్లు లేకుండా పట్టుకెళ్తాడు. రెండు తిరిగొస్తాయి, రెండు రావు. తెలిసిన వాళ్ళకు నోటిమాట మీద అరువు ఇస్తాడు. అదీ పుస్తకం ఎక్కదు. లెక్క చూసే రోజున ఆ కౌంటర్ ఎవరిదైతే కొరత వాళ్ళది. నెలకు ఇంత అని జీతంలోంచి పట్టుకుంటారు. ‘సారు తీసుకెళ్ళారండీ’ అన్న ఒక్క మాటతో గుమాస్తా బయటపడవచ్చు. ఆ మాట అంటే దొంగతనం అంటగట్టినట్టవుతుందని అతను అనడు. యజమాని కూడా అడగడు, అడిగితే ఇంట్లో గొడవ.

దుకాణం పేరు మార్చి చిన్న పట్టణంలోని ప్రైవేటు బడి అని రాసినా కథ పెద్దగా మారదు. కరస్పాండెంటు ఒకరు, ఆయన భార్య ప్రిన్సిపాలు, మరదలు ఇన్‌ఛార్జి. హాజరు పుస్తకంలో పది నిమిషాలు ఆలస్యమైన టీచరుకి ఎర్రసిరా గీత పడుతుంది. మూడు ఆలస్యాలకు ఒక రోజు జీతం కోత. మరదలుగారి పేరు ఆ పుస్తకంలోనే ఉండదు. ఎవరైనా సెలవు పెడితే ఖాళీ పీరియడ్లు ఎవరికి వేయాలో ఆవిడ నిర్ణయిస్తుంది. ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ ఎవరు తిరగాలో, ఏ వీధి ఎవరిదో కూడా ఆవిడే చెబుతుంది. ఆవిడ చెడ్డ మనిషి కానక్కర్లేదు. తనకు నచ్చిన నలుగురికి దగ్గరి వీధులు వేస్తుంది, అంతే. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఉన్న టీచరు మధ్యాహ్నం ఎండలో దూరపు వీధికి నడుస్తుంది.

‘మనమంతా ఒక కుటుంబం’ అన్న మాట ఇలాంటి చోట్ల తరచు వినిపిస్తుంది. దాన్ని పూర్తిగా అబద్ధం అనలేం. గుమాస్తా కూతురి పెళ్ళికి యజమాని వడ్డీ లేని అప్పు ఇస్తాడు. ఒంట్లో బాగా లేకపోతే ఆస్పత్రికి తన కారులో పంపిస్తాడు. పెద్ద కంపెనీల్లో దొరకని ఆప్యాయత అది. కాని ఆ కుటుంబపు వరస రెండు పక్కలా ఒకేలా పనిచేయదు. రాత్రి పదిన్నరకు షట్టర్ దించేదాకా ఉండమనడానికి వరస ఉంటుంది. ఆ అదనపు గంటలకు డబ్బు అడిగితే ‘నిన్ను ఇంట్లో మనిషి అనుకున్నా’ అని నిష్ఠూరం వస్తుంది. వదినా అని పిలిచిన మనిషిని ఓవర్‌టైమ్ అడగడం కష్టం. అప్పు ఉన్నంత కాలం మానేయడం ఇంకా కష్టం.

పరిశోధకులు ఈ విషయాన్ని ఎక్కువగా లాభనష్టాల వైపు నుంచి చూశారు. డెన్మార్క్‌లో కుటుంబ సంస్థల మీద బెనెడ్‌సెన్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన అధ్యయనం వీటిలో పేరున్నది. సంస్థ బాగా లేనందుకే వారసుణ్ణి తెచ్చారా, వారసుడు వచ్చాకే పాడైందా అన్నది తేల్చడం కష్టం. దానికి వాళ్ళు పట్టుకున్న ఆధారం యజమాని మొదటి సంతానం. తొలిచూలు మగపిల్లవాడైతే పగ్గాలు కుటుంబం చేతికే వెళ్ళే అవకాశం పెరుగుతుంది, పుట్టింది ఆడా మగా అన్నదానికి వ్యాపారం తీరుతో సంబంధం లేదు. ఆ లెక్కన చూస్తే కుటుంబ వారసుడికి పగ్గాలు అప్పగించిన సంస్థల లాభదాయకత కనీసం నాలుగు శాతం పాయింట్లు పడిపోయింది.

మనకు దగ్గరిది ముంబయి పరిసరాల నేత మిల్లుల మీద నికొలస్ బ్లూమ్ బృందం చేసిన పని. 2013లో అచ్చయింది. సరుకు లెక్కలు, యంత్రాల మరమ్మతు, నాణ్యత లాంటి మామూలు పద్ధతులు నేర్పితే తొలి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మరొకటి: మిల్లు ఎంత పెద్దది కాగలదన్నది యజమాని ఇంట్లో ఎంతమంది మగవాళ్ళు ఉన్నారన్నదాని మీద ఆధారపడి ఉంది. బయటి మేనేజరు దొంగిలిస్తాడన్న భయం, దొంగిలిస్తే కోర్టు తేల్చదన్న అపనమ్మకం కలిసి నిర్ణయాలన్నిటినీ ఇంటి మగవాళ్ళ చేతుల్లోనే ఉంచాయి. బంధుప్రీతిని కేవలం మమకారంగా చూసేవాళ్ళు దీన్ని గమనించాలి. దాని వెనక పెద్ద భయం ఉంది. మన ఊళ్ళలో దానికి ఇంకో కారణం నేను కలుపుతాను. రెండు లెక్కలు నడిచే చోట రెండో పుస్తకం బయటివాడి చేతికి ఇవ్వలేరు. బిల్లున్న అమ్మకం, బిల్లులేని అమ్మకం రెండూ తెలిసిన మనిషి బంధువై ఉండాలి. ఆ రహస్యం తెలిసినందుకే తర్వాత అతన్ని ఏమీ అనలేరు.

అలాగని పక్షపాతం మనుషుల్లో పుట్టుకతో వచ్చి మారకుండా ఉండేది కాదు. ఇంగ్లండులో ఒక పండ్ల తోటలో బందియెరా, బరాన్‌కే, రసూల్ చేసిన అధ్యయనం (2009) దీన్ని చక్కగా చూపింది. మేస్త్రీలకు స్థిర జీతం ఇచ్చినన్నాళ్ళూ వాళ్ళు తమవాళ్ళకే మేలు చేశారు, పనితనం చూడలేదు. కోత పెరిగితే మేస్త్రీకి బోనసు అని పెట్టగానే పనిమంతుల వైపు తిరిగారు. కలకత్తాలో బీమన్, మాగ్రుడర్ చేసిన ప్రయోగంలోనూ (2012) ఇదే ధోరణి. పనికి మనిషిని సిఫారసు చేస్తే చాలు డబ్బు అన్నప్పుడు బంధువుల పేర్లు ఎక్కువ వచ్చాయి. ఆ మనిషి పనితీరును బట్టి డబ్బు అన్నప్పుడు బంధువులు తగ్గి సహోద్యోగులు పెరిగారు. తప్పుడు ఎంపికకు తను మూల్యం చెల్లించాల్సి వస్తే మనిషి కళ్ళు తెరుస్తాడన్నమాట. చిన్న దుకాణంలో ఆ మూల్యం గుమాస్తా జీతంలోంచి కొరత పేరుతో పోతోంది కాబట్టి యజమాని కళ్ళు తెరవాల్సిన అవసరం రావడం లేదు.

ఈ అధ్యయనాలన్నీ విలువైనవే. అయితే ఇవన్నీ సంస్థకు ఎంత నష్టం అని అడుగుతాయి, ఆ మనిషికి ఎంత నష్టం అని అడగవు. ఆ ప్రశ్నకు దగ్గరగా వచ్చింది ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకం. అసంతృప్తి ఉన్నవాడికి రెండు దారులని ఆయన అన్నాడు: వెళ్ళిపోవడం, గొంతు విప్పడం. చిన్న ఊళ్ళో గొంతు విప్పితే వినేది ఆ కుటుంబమే. వెళ్ళిపోదామన్నా దారి వాళ్ళ మీదుగానే పోతుంది. బజారులో యజమానులందరూ ఒకరికొకరు తెలుసు, ఒకే వర్తక సంఘంలో సభ్యులు. రెండో దుకాణంలో అడిగే ముందే ‘అక్కడ ఎందుకు మానేశాడు?’ అని ఫోను వెళ్తుంది. ఫోను ఎత్తేది బావమరిది.

చట్టం ఎక్కడ ఉంది మరి? ప్రభుత్వ కొలువుల విషయంలో చట్టం స్పష్టంగా మాట్లాడింది, అందులో తెలుగు నేలకు చోటు ఉంది. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో పెరవలిపాలెం గ్రామ మునసబు పదవి మీద వచ్చిన వివాదం గాజుల దశరథరామారావు కేసుగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పాత మునసబు కుటుంబంలోంచే ఎంచుకోవాలన్న 1895 నాటి మద్రాసు చట్టపు నిబంధన రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వచ్చింది. వంశాన్ని బట్టి సర్కారు కొలువులో వివక్ష చూపరాదని ఆ అధికరణం చెబుతుంది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. తండ్రి తర్వాత కొడుకు అన్న పద్ధతి ఊరి కచేరీలోంచి అలా పోయింది. ఊరి బజారులోకి ఆ సూత్రం రాలేదు. ప్రైవేటు యజమానిని 16వ అధికరణం తాకదు.

ప్రైవేటు సంస్థల్లో బంధువుల జీతాన్ని చట్టం అసలు చూడదనుకుంటే పొరపాటు. ఆదాయపు పన్ను చట్టం కింద బంధువుకు ఇచ్చిన జీతం పనికి మించి ఉంటే ఆ మేరకు ఖర్చుగా ఒప్పుకోకుండా కొట్టేసే అధికారం పన్ను అధికారికి ఉంది. 2013 కంపెనీల చట్టం 188వ సెక్షన్ కింద డైరెక్టరు బంధువును కంపెనీలో జీతానికి పెట్టుకుంటే బోర్డు ఆమోదం ఉండాలి, జీతం నెలకు రెండున్నర లక్షలు దాటితే వాటాదారుల ఆమోదం కావాలి. ఖజానాకు నష్టం వస్తే ఒక కన్ను ఉంది, వాటాదారుకు నష్టం వస్తే ఇంకో కన్ను ఉంది. పక్క కుర్చీలో కూర్చుని అదే పని సగం జీతానికి చేసే మనిషి వైపు నుంచి చూసే కన్ను మాత్రం ఇంతవరకు ఎవరూ పెట్టలేదు. స్త్రీ పురుష భేదం చూపి జీతం తగ్గిస్తే తప్పు. మేనల్లుడు కానందుకు తగ్గిస్తే తప్పు కాదు.

మిగతా రక్షణలు చాలావరకు తలల లెక్క దగ్గర ఆగిపోతాయి. భవిష్యనిధికి 20 మంది ఉండాలి. ఈఎస్‌ఐకి, గ్రాట్యుటీకి 10 మంది. క్రమశిక్షణ నియమాలు రాసిపెట్టాలన్న స్టాండింగ్ ఆర్డర్ల నిబంధన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 300 మందికి ఎగబాకింది. చిన్న చోటే మనిషి ఎక్కువ ఒంటరివాడు, అక్కడే చట్టం పలచబడింది. ప్రభుత్వ శ్రామిక సర్వేలు చూస్తే వ్యవసాయేతర రంగంలో నెల జీతగాళ్ళలోనే సగానికి పైగా మందికి రాతపూర్వక ఒప్పందం లేదు. తొమ్మిది మందితో ఆగిపోయిన సంస్థలు మన దగ్గర ఎందుకన్ని ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు. పదో మనిషిని అవసరమైనప్పుడు యజమాని ఇంటినుంచే తెచ్చుకుంటారు.

ఉన్నవాటిలో నేరుగా పనికొచ్చేవి రెండు మూడు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. తెలంగాణలోనూ అదే కొనసాగుతోంది. ఆరు నెలలు వరుసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల నోటీసు గాని నెల జీతం గాని ఇవ్వకుండా తీసేయరాదని 47వ సెక్షన్ చెబుతుంది. తీసేస్తే కార్మిక శాఖ అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అన్ని సంస్థలకూ వర్తిస్తుంది. మానేసినా తీసేసినా రెండు పనిదినాల్లో బకాయి జీతం ఇవ్వాలి. సరుకు నష్టం కింద జీతం కోయాలంటే ముందు ఆ ఉద్యోగి సంజాయిషీ వినాలి. పైన చెప్పిన కొరత వ్యవహారానికి ఇది అచ్చంగా సరిపోయే నిబంధన. అయితే సంజాయిషీ వినేది మళ్ళీ యజమానే. ఆ గదిలో చిన్నసారు కూడా ఉంటాడు.

ఇక్కడొక్క మినహాయింపు ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు మరీ తక్కువ. యజమాని మీద ఆధారపడి అతనితోనే ఉంటూ జీతం తీసుకోని భార్య, కొడుకు, కూతురు, తోబుట్టువు దుకాణాల చట్టం ప్రకారం ఉద్యోగి లెక్కలోకే రారు. బంధువులందరూ లాభపడేవాళ్ళే అన్న మన నమ్మకం ఇక్కడ కూలుతుంది. దేశంలో పనిచేసే స్త్రీలలో మూడో వంతుకు పైగా ఇంటి వ్యాపారంలోనో సేద్యంలోనో జీతం లేని సహాయకులు. మందుల షాపులో పొద్దున స్టాకు దింపుకుని, మధ్యాహ్నం భర్త భోజనానికి వెళ్తే కౌంటర్ చూసి, రాత్రి బిల్లులు రాసే కోడలికి నెలాఖరున కవరు ఉండదు. అదే షాపులో కూర్చునే మరిదికి ఉంటుంది. వాటా ఎప్పుడో వస్తుందన్న మాట మీద పదిహేనేళ్ళు చాకిరీ చేసి, పంపకాలప్పుడు ఒట్టి చేతులతో బయటపడ్డ బావమరుదులూ ఉన్నారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు ఇచ్చిన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1980లలోనే వచ్చింది. గల్లాపెట్టె దగ్గరి కుర్చీ మాత్రం ఇప్పటికీ ఎక్కువగా కొడుకుకో అల్లుడికో వెళ్తోంది. గుమాస్తాకి, ఆ ఇంటి కోడలికి ఒకే మనిషి వల్ల ఒకేరకం నష్టం జరుగుతోంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఎదుటి పక్షంగా చూసుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

‘మనవాళ్ళు’ అన్న వలయం రక్తసంబంధం దగ్గర ఆగదు, కులం దాకా పోతుంది. 2007లో సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టివెల్ ఒకే అర్హతలతో వేర్వేరు ఇంటిపేర్లు పెట్టి ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపి చూశారు. దళిత పేర్లకు, ముస్లిం పేర్లకు పిలుపులు తగ్గాయి. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ పెద్ద కంపెనీల నియామక అధికారులను కలిస్తే, ప్రతిభే కొలమానమని అంటూనే ‘కుటుంబ నేపథ్యం’ అడుగుతామని వాళ్ళు చెప్పారు. మానవ వనరుల విభాగం ఉన్న కంపెనీల పరిస్థితే అది. ప్రకటన కూడా వేయకుండా, ‘తెలిసిన కుర్రాడు ఉంటే చెప్పు’ అన్న మాట మీద మనిషిని తెచ్చుకునే దుకాణంలో దరఖాస్తే ఉండదు, వివక్ష జరిగిందని చూపడానికి కాగితమూ ఉండదు.

అమెరికా వెళ్ళినా తలల లెక్క వదలదు. అక్కడి ప్రధాన వివక్ష నిరోధక చట్టం, 1964 నాటి పౌరహక్కుల చట్టం ఏడో అధ్యాయం, 15 మంది ఉద్యోగులున్న చోటునుంచే వర్తిస్తుంది. ప్రైవేటు సంస్థలో బంధుప్రీతి దానంతటది నేరం కాదు. తెలుగువాళ్ళు నడిపే చిన్న కన్సల్టెన్సీలో వీసా కాగితాలు యజమాని చేతిలో ఉన్న కుర్రాడి పరిస్థితి, సర్టిఫికెట్లు బీరువాలో ఉన్న టీచరు పరిస్థితి కంటే గొప్పగా ఏమీ ఉండదు.

ఏది పనిచేసింది అని వెతికితే నాకు రెండు గట్టి ఉదాహరణలు దొరికాయి. మొదటిది కేరళ. కోళికోడ్ బజారులో బట్టల దుకాణాల స్త్రీలు పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చోవడానికి వీల్లేకుండా నిలబడేవాళ్ళు. పి. విజి అనే దర్జీ, పెణ్‌కూట్టు అనే సంఘం వాళ్ళను దుకాణం వారీగా కాకుండా బజారంతా కలిపి కూడగట్టారు. 2018లో కేరళ దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇచ్చింది. 2021లో తమిళనాడు అదే చేసింది. ఒక్కో దుకాణంలో నలుగురైదుగురే ఉన్నప్పుడు ఎవరు నోరెత్తారో యజమానికి వెంటనే తెలిసిపోతుంది. బజారంతా ఒకటైతే తెలియదు. మన పట్టణాల్లో గుమాస్తాల సంఘాలు ఒకప్పుడు వారానికో సెలవు కోసం కొట్లాడినవే. వాటిని మళ్ళీ నిలబెట్టుకోవడం పాత ఆలోచన అనిపించవచ్చు. ఇంతకంటే మంచిది నాకు కనిపించలేదు.

రెండోది లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం. పది మంది ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలని చెప్పి ఊరుకోలేదు. పదిమంది కూడా లేని చోటునుంచి వచ్చే ఫిర్యాదు, స్వయంగా యజమాని మీదే వచ్చే ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళాలని రాసింది. చిన్న సంస్థలో న్యాయం చెప్పే మనిషి ఇంటి బయట ఉండాలన్న సంగతిని గుర్తించి రాసిన నిబంధన నాకు తెలిసినంతలో ఇదే ముఖ్యమైనది. ఆచరణలో ఈ కమిటీలు ఉన్నాయన్న సంగతే చాలా దుకాణాల్లో ఎవరికీ తెలియదు. అయినా పద్ధతి సరైనది.

యజమానులు చేయగలిగింది కూడా ఉంది. జీఎంఆర్ లాంటి పెద్ద కుటుంబ సంస్థలు కుటుంబ రాజ్యాంగం రాసుకున్నాయి. అన్నదమ్ముల మధ్య వారసత్వం తగాదా కాకుండా చూసుకోవడానికి రాసుకునేవి అవి. చిన్న దుకాణానికి అంత అక్కర్లేదు. బంధువు పేరు కూడా అదే హాజరు పుస్తకంలో ఉండాలి. సరుకు ఎవరు తీసినా, పెద్దాయన తీసినా, చీటీ రాయాలి. జీతాల కోత, సెలవు, తొలగింపు ఈ మూడూ బంధువు చేతిలో ఉండకూడదు. ఇవి పెట్టిన దుకాణాలు నేను చూశాను. అక్కడ కొరత లెక్క వచ్చినప్పుడు చీటీల కట్ట తీసి చూస్తారు, పది నిమిషాల్లో తేలిపోతుంది, ఎవరూ ఎవర్నీ దొంగ అనాల్సిన పని రాదు.

ప్రభుత్వం చేయాల్సింది స్థానిక కమిటీ పద్ధతిని జీతం కోతకు, సర్టిఫికెట్లు పట్టి ఉంచడానికి, కారణం లేని తొలగింపుకు విస్తరించడం. పది మంది కన్నా తక్కువ ఉన్న సంస్థల ఫిర్యాదులు వినడానికి జిల్లాకొక చిన్న కమిటీ ఉండాలి. అందులో కార్మిక శాఖ అధికారితో పాటు దుకాణ ఉద్యోగి ఒకరు, వర్తక సంఘం మనిషి ఒకరు కూర్చోవాలి. ఫిర్యాదు చేసిన మనిషి పేరు మొదటి విచారణ దాకా యజమానికి చెప్పకూడదు. జీతం లేని కోడలు, తమ్ముడు కూడా అక్కడికి వెళ్ళగలగాలంటే 1988 చట్టంలో ఉద్యోగి నిర్వచనంలోని ఆ మినహాయింపును సవరించాలి. అది శాసనసభ పని. రెండు రాష్ట్రాల్లోనూ ఈ చట్టం కింది పనిగంటల నిబంధనలు ఈ మధ్యే మారాయి, యజమానుల వెసులుబాటు కోసం. అదే శ్రద్ధతో ఈ ఒక్క వాక్యాన్ని కూడా తిరగరాయమని అడిగేవాళ్ళు ఇప్పుడు కావాలి.